మొదటి విదేశ ప్రయాణం: ఏ పార్కుకు వెళ్దాం?



సంక్రాంతి వెళ్లిందంటే చాలు, వేసవి సెలవుల మాట ఇళ్లలో మొదలవుతుంది. ఒకప్పుడు ఆ మాట అమ్మమ్మగారి ఊరి దగ్గరో, తిరుపతి దగ్గరో, మహా అయితే ఊటీ దగ్గరో ఆగేది. ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలో కూడా పిల్లలు డిస్నీలాండ్ అంటున్నారు, యూనివర్సల్ స్టూడియోస్ అంటున్నారు. ఫోనులో వీడియోలు చూసి ఆ పేర్లన్నీ వాళ్లకు కంఠతా వచ్చేశాయి. తల్లిదండ్రులు కూడా చిట్టీలు కట్టి, బోనస్ డబ్బులు పక్కన పెట్టి, ఒక్కసారైనా పిల్లల్ని విమానం ఎక్కించి తీసుకెళ్లాలని ఆశపడుతున్నారు. ఎంతో మంచి ఆశ అది. అంత కష్టపడి కూడబెట్టిన డబ్బు క్యూలలో, బస్సులలో కరిగిపోకూడదనే ఈరోజు మీతో ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

మొదటిసారి దేశం దాటేవాళ్లు చాలామంది పార్కు పేరుతో మొదలుపెడతారు. పక్కింటివాళ్లు ఎక్కడికి వెళ్లారో కనుక్కుంటారు. ఏజెంటు చెప్పిన ప్యాకేజీకి సరేనంటారు. నా సలహా వేరు. ముందు మీ ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల ఎత్తు ఎంతో కొలవండి. అందరికన్నా పెద్దవాళ్లు ఆగకుండా ఎంతసేపు నడవగలరో చూడండి. ఆ రెండూ తెలిస్తే ఏ దేశం, ఏ పార్కు అన్నది చాలావరకు తేలిపోతుంది.

అసలు ఈ పార్కులు పుట్టిందే ఇంటిల్లిపాది కోసం. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లి రంగులరాట్నం ఎక్కించి, తాను పక్కనే బెంచీ మీద కూర్చునేవారు. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దవాళ్లు ఊరికే కూర్చోవడమేనా, అందరూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉంటే బాగుండును కదా అన్న ఆలోచన ఆ బెంచీ మీదే వచ్చిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. 1955 జులై 17న కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనాహైమ్‌లో మొదటి డిస్నీలాండ్ తెరిచారు. ఈ డెబ్బై ఏళ్లలో పార్కులు ఎన్నో రకాలయ్యాయి. కొన్ని పూర్తిగా యువకుల కోసం కట్టినవి, కొన్ని పసిపిల్లల కోసం కట్టినవి. ఇంటిల్లిపాదికీ సరిపోయేది ఏదో మనమే వెతుక్కోవాలి.

ఎత్తు సంగతి కాస్త వివరంగా చెబుతాను. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఎక్కువగా తెలియనిది అదే. ఈ పార్కుల్లో వేగంగా తిరిగే ప్రతి రైడ్‌కూ ఇంత ఎత్తు ఉంటేనే ఎక్కనిస్తారు. వయసు అడగరు, ఎత్తే చూస్తారు. సీటులో పిల్లల్ని పట్టి ఉంచే లోహపు కమ్మీ ఆ ఎత్తుకు తగ్గట్టు చేసినది కాబట్టి, బతిమాలినా మినహాయింపు ఉండదు. సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్‌కు 102 సెంటీమీటర్లు ఉండాలి. జురాసిక్ పార్కు నీళ్ల రైడ్‌కు 107. చీకట్లో దూసుకుపోయే మమ్మీ రైడ్‌కు 122. ఎదురెదురుగా పరుగెత్తే బాటిల్‌స్టార్ గెలాక్టికా రోలర్ కోస్టర్‌కు 125. అబుదాబి ఫెరారీ వరల్డ్‌లో గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఫార్ములా రోసాకైతే 140 సెంటీమీటర్లు. మన ఇళ్లలో ఆరేళ్ల పిల్లలు చాలామంది 110, 115 దగ్గర ఉంటారు. అంటే ఏ రైడ్ వీడియో చూసి ఆ పిల్లవాడు ఏడాదిగా కలలు కంటున్నాడో, దాని గుమ్మం దగ్గరే వాణ్ణి ఆపేస్తారు.

మమ్మీ రైడ్ గుమ్మం దగ్గర ఒక తెలుగు కుటుంబాన్ని చూశాను. అక్కడ నిలబెట్టిన కొలబద్ద పక్కన పిల్లవాణ్ణి నిలబెట్టారు. తల గీతకు రెండు వేళ్ల కింద ఉంది. వాళ్లమ్మ చెవిలో ఏదో చెప్పింది, వాడు మునివేళ్ల మీద లేచాడు. పార్కు అమ్మాయి నవ్వుతూనే కిందికి వంగి, వాడి మడమలు నేలకు ఆనాయో లేదో చూసి, లేదని తల అడ్డంగా ఊపింది. అప్పటిదాకా ఎండలో క్యూలో నిలబడి వచ్చిన పిల్లవాడు భోరుమన్నాడు. అక్క లోపలికి వెళ్లింది, తమ్ముడు బయట ఉండిపోయాడు. ఆ సాయంత్రం దాకా వాడి ముఖం తేరుకోలేదు. ఇంట్లో గోడకు నిలబెట్టి టేపుతో కొలిచి, ఏవి ఎక్కనిస్తారో ఏవి ఎక్కనివ్వరో ముందే చెప్పి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు. ఒక్కో రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో ప్రతి పార్కూ తన వెబ్‌సైటులో పెడుతుంది. టికెట్ కొనకముందే అది చూడండి. మీ పిల్లలు ఎక్కగలిగినవి సగం కూడా లేకపోతే ఆ పార్కు ఇంకో రెండేళ్లకు వాయిదా వేయండి.

ఇక్కడే ఇంకో సంగతి. యూనివర్సల్, డిస్నీ లాంటి పెద్ద పార్కుల్లో చైల్డ్ స్వాప్ అనో రైడర్ స్విచ్ అనో ఒక ఏర్పాటు ఉంటుంది. చిన్నపిల్లను చూసుకుంటూ అమ్మ ఆగుతుంది, నాన్న పెద్దబ్బాయితో రైడ్ ఎక్కి వస్తాడు. ఆ తర్వాత అమ్మ మళ్లీ మొదటినుంచి క్యూ కట్టకుండా నేరుగా వెళ్లి ఎక్కవచ్చు. దీనికి అదనంగా డబ్బు కట్టక్కర్లేదు. గుమ్మం దగ్గరున్న ఉద్యోగిని అడిగితే చాలు. అడగాలని తెలియక ఎందరో తల్లులు ఏ రైడూ ఎక్కకుండానే, సంచులు కాపలా కాస్తూ రోజంతా గడిపేస్తున్నారు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం. అమ్మకు కూడా టికెట్ కొన్నారు కదా!

ఇక పెద్దవాళ్లు. నానమ్మ, తాతయ్యలను తీసుకెళ్లడం మన పద్ధతి, అది పోకూడదు. పార్కులో ఒక రోజంటే నడవడం, నిలబడడం కలిపి ఏడెనిమిది గంటలు. అద్దెకు వీల్‌చైర్లు ఇస్తారు. మామూలుగా నడిచేవాళ్లు కూడా మధ్యాహ్నం తర్వాత తీసుకోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. బీపీ, గుండె జబ్బు, మెడనొప్పి, వెన్నునొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడని రైడ్‌ల దగ్గర బోర్డు ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వాళ్ల కోసం కూర్చుని చూసే ప్రదర్శనలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. సింగపూర్ యూనివర్సల్‌లో వాటర్‌వరల్డ్ అనే సాహస ప్రదర్శన ఉంది. పడవలు, పేలుళ్లు, మంటలు అన్నీ కళ్లముందే. భాష రాకపోయినా పెద్దవాళ్లు దాన్ని ఎంతో ఇష్టంగా చూస్తారు. ముందు వరసల్లో మాత్రం తడిసి ముద్దవుతారు, పెద్దవాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టండి.

ఇప్పుడు దేశాల సంగతికి వద్దాం. నా తీర్పు ముందే చెప్పేస్తాను. తెలుగు రాష్ట్రాల నుంచి మొదటిసారి బయల్దేరే కుటుంబానికి, పిల్లలు ఆరేళ్లు దాటి ఉంటే, సింగపూర్‌కు మించినది లేదు.

ఎందుకో చెబుతాను. హైదరాబాద్ నుంచి విమానం నాలుగున్నర గంటల ప్రయాణం. విశాఖపట్నం నుంచి కూడా నేరుగా విమానం ఉంది. కాలం తేడా రెండున్నర గంటలే కాబట్టి పిల్లల నిద్ర పాడవదు. ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. అధికార భాషల్లో తమిళం ఒకటి, మెట్రోలో ప్రకటనలు ఆ భాషలోనూ వినిపిస్తాయి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు, సీసా వెంట ఉంచుకుంటే చాలు. యూనివర్సల్ పార్కు సుమారు 20 హెక్టార్లలోనే ఉంటుంది. పెద్ద పార్కు కాదని కొందరు పెదవి విరుస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నిజానికి అదే వరం. ఒక్క రోజులో, పరుగులు లేకుండా, దాదాపు అంతా చూడవచ్చు. దారి తప్పినా పది నిమిషాల్లో ఒకరికొకరు దొరుకుతారు. పార్కు ఉన్నది సెంటోసా దీవిలో. హార్బర్‌ఫ్రంట్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి, వివోసిటీ మాల్ పై అంతస్తు నుంచి చిన్న మోనోరైలు ఎక్కితే చాలు. నడిచి వెళ్లేందుకు నీళ్ల పక్కనే చెక్క బాట కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో అక్కడ మినియన్ ల్యాండ్ కూడా తెరిచారు. చిన్నపిల్లలకు అదొక్కటి చాలు.

పార్కు అయిపోయాక పెద్దవాళ్లకు సెరంగూన్ రోడ్డు ఉండనే ఉంది. లిటిల్ ఇండియా అంటారు ఆ ప్రాంతాన్ని. ఇడ్లీ, దోసె, అన్నం, సాంబారు, మల్లెపూల దండలు, ఆ దారిలోనే శ్రీనివాస పెరుమాళ్ గుడి. వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని వస్తే మన పెద్దవాళ్లకు ప్రయాణం బడలిక సగం తీరిపోతుంది. హోటలు కూడా ఆ చుట్టుపక్కలే తీసుకుంటే భోజనం దిగులు ఉండదు. కాకపోతే సింగపూర్ చవక కాదు. యూనివర్సల్ పెద్దల టికెట్ ఒక్కటే 80 సింగపూర్ డాలర్లు దాటుతుంది, మన లెక్కలో 5 వేల రూపాయల పైమాటే. నాలుగేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ విడిగా కొనాలి, దాని ధర రద్దీని బట్టి మారుతుంది. రద్దీ లేని రోజు చూసుకుని వెళ్తే ఆ పాస్ అవసరమే రాదు.

డబ్బు బిగువుగా ఉంటే మలేషియా చూడండి. కౌలాలంపూర్‌కు గంట దూరంలో గెంటింగ్ కొండ మీద స్కైవరల్డ్స్ పార్కు 2022లో తెరిచారు. కేబుల్ కారులో మబ్బుల్లోంచి పైకి వెళ్లవచ్చు, పైన చల్లగా ఉంటుంది. కౌలాలంపూర్ పక్కనే సన్‌వే లగూన్ ఉంది, నీళ్లలో ఆడుకునే పిల్లలకు పండగ. సింగపూర్ సరిహద్దు దాటగానే జొహోర్‌లో లెగోలాండ్ ఉంది. అది రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసమే కట్టినది, ఇంట్లో అందరూ చిన్నపిల్లలే అయితే నేను సింగపూర్ కంటే దాన్నే ముందు చెబుతాను. సింగపూర్ నుంచి వెళ్లి రావాలంటే మీ సింగపూర్ వీసాతో రెండోసారి లోపలికి రానిస్తారో లేదో ముందు చూసుకోవాలి.

గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లు మనకు ఎన్నో. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ, ఎక్కడ చూసినా దుబాయ్‌లో ఉన్న అన్నో, బావో, కొడుకో ఉంటారు. వాళ్లను చూడడానికి వెళ్లేవాళ్లకు అబుదాబి యాస్ ఐలాండ్ మంచి చోటు. ఫెరారీ వరల్డ్, వార్నర్ బ్రదర్స్ వరల్డ్, సీవరల్డ్, యాస్ వాటర్‌వరల్డ్ అన్నీ ఒకే దీవిలో ఉన్నాయి. వీటిలో వార్నర్ బ్రదర్స్ పార్కు మొత్తం కప్పు కింద, ఏసీలో ఉంటుంది. టామ్ అండ్ జెర్రీ, బ్యాట్‌మన్ అంటే ప్రాణం పెట్టే పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి? దుబాయ్‌లో ఐఎంజీ వరల్డ్స్ కూడా కప్పు కిందిదే. మే నెలలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆరుబయటి పార్కులు ఆ నెలలో వద్దు. దుబాయ్ నుంచి అబుదాబి వెళ్లే దారిలో 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైన స్వామినారాయణ మందిరం ఉంది. ఇసుకరాతి చెక్కడాలు చూసి పెద్దవాళ్లు అక్కడి నుంచి కదలరు. యాస్ ఐలాండ్‌లో డిస్నీ పార్కు కడతామని 2025 మేలో ప్రకటించారు. అది తెరవడానికి ఇంకా ఏళ్లు పడుతుంది, ఆ పేరు చూసి ఎవరూ మోసపోవద్దు.

డిస్నీయే కావాలని పిల్లలు పట్టుబడితే మనకు దగ్గరిది హాంకాంగ్. 2005 సెప్టెంబర్ 12న తెరిచారు. మనవాళ్లు వాస్తు చూసినట్టు వాళ్లు ఫెంగ్‌షుయి చూస్తారు. పార్కు ప్రధాన ద్వారాన్ని ఆ శాస్త్రం ప్రకారం 12 డిగ్రీలు తిప్పి కట్టారు. 2023 నవంబర్‌లో ఫ్రోజెన్ సినిమాలోని ఊరిని అక్కడ కట్టి తెరిచారు, ఎల్సా అంటే పడిచచ్చే ఆడపిల్లలున్న ఇంటికి అది పెద్ద ఆకర్షణ. సన్నీ బే స్టేషన్ నుంచి మిక్కీ ఆకారపు కిటికీలున్న రైలే పార్కు దాకా తీసుకెళ్తుంది. ఆ పార్కు ఉన్న దీవి మీదే, కొండపై 34 మీటర్ల కంచు బుద్ధుడు కూర్చుని ఉంటాడు. కేబుల్ కారులో పైకి వెళ్లవచ్చు, చివర 268 మెట్లు మాత్రం ఎక్కాలి. శాకాహారులకు హాంకాంగ్ సింగపూర్ అంత సులువు కాదు.

జపాన్ గురించి ఒక్క మాట. టోక్యో డిస్నీలో రెండు పార్కులు పక్కపక్కనే ఉన్నాయి. 1983 నాటి డిస్నీలాండ్ ఒకటి, 2001 నాటి డిస్నీసీ ఒకటి. డిస్నీసీ లాంటిది ప్రపంచంలో మరెక్కడా లేదు. అయినా మొదటి ప్రయాణానికి నేను జపాన్ చెప్పను. భాష ఇబ్బంది, దూరం, పైగా కూరగాయల సూపులో కూడా చేపల రసం ఉండే వంటలు. రెండో ప్రయాణానికి దాచుకోండి.

అమెరికా లెక్క వేరు. పార్కు కోసమే అమెరికా వెళ్లేవాళ్లు మనలో అరుదు. కొడుకు దగ్గరికో, కూతురు దగ్గరికో మొదటిసారి వెళ్లిన తల్లిదండ్రులను పిల్లలు ప్రేమకొద్దీ ఓర్లాండో తీసుకెళ్తుంటారు. అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్ ఒక పార్కు కాదు, నాలుగు పార్కులు. ఒకదాని నుంచి ఇంకోదానికి బస్సులో, మోనోరైల్లో వెళ్లాలి. ఒక్క రోజులో చూసేయడం అసాధ్యం. వేసవిలో ఫ్లోరిడాలో ఉక్కపోత, సాయంత్రానికి ఉరుములు, వాన. అరవై దాటిన అమ్మానాన్నలకు అది కష్టం. మీరు కాలిఫోర్నియాలో ఉంటే వాళ్లను అనాహైమ్ తీసుకెళ్లండి. అక్కడ రెండు పార్కులు ఎదురెదురు గుమ్మాలతో ఉంటాయి, అలసిపోతే హోటలుకు నడిచి వచ్చేయవచ్చు. విమానం దిగిన వారంలోనే మాత్రం ఎవరినీ తీసుకెళ్లవద్దు. పగలు రాత్రి తారుమారైన శరీరం కుదుటపడనివ్వండి.

చోటు ఎంత ముఖ్యమో, రోజు కూడా అంతే ముఖ్యం. మన సెలవులు, వాళ్ల సెలవులు కలిసొచ్చాయా, క్యూలోనే పొద్దు గడిచిపోతుంది. మే మొదటి వారంలో చైనావాళ్లకు, జపాన్‌వాళ్లకు వరస సెలవులు. సింగపూర్ బడులకు మే నెలాఖరు నుంచి జూన్ చివరి దాకా సెలవులు. మన బడులు ఏప్రిల్ నెలాఖరులో మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఈ మూడింటి నడుమ మనకు చిక్కేది మే రెండో వారం, మూడో వారం. ఆ పదిహేను రోజుల్లో మంగళ, బుధ, గురువారాలు ఎంచుకుంటే ఎక్కువ రైడ్‌లు చూడగలుగుతారు. దసరా సెలవులు అక్టోబర్ మొదటి వారంలో పడితే హాంకాంగ్ జోలికి పోవద్దు, అది చైనా జాతీయ సెలవుల వారం. సంక్రాంతి సెలవులు చిన్నవే అయినా దుబాయ్, అబుదాబికి అంతకన్నా మంచి వాతావరణం ఉండదు. చైనా కొత్త సంవత్సరం ఎప్పుడొస్తుందో కూడా ఒకసారి చూసుకోండి, అది ఏటా తేదీ మారుతుంది.

కాగితాల విషయంలో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా, మొత్తం పేరు ఒకే గడిలో ఉన్న పెద్దవాళ్లు మనలో చాలామంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుకు యూఏఈ సందర్శక వీసా ఇచ్చే విషయంలో 2022 నవంబర్ నుంచి కఠినమైన నిబంధన ఉంది. టికెట్ కొనేముందే అది సరిచేయించుకోండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. మలేషియా మన పౌరులకు 2023 డిసెంబర్ నుంచి వీసా లేకుండా 30 రోజులు ఉండనిస్తోంది. ఈ వెసులుబాటును గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి బయల్దేరే ముందు సరిచూసుకోవాలి. హాంకాంగ్‌కు ఆన్‌లైన్‌లో ముందస్తు నమోదు చేసుకోవాలి, అది ఉచితం. సింగపూర్‌కు వీసా కావాలి, అధీకృత ఏజెంట్ల ద్వారా తీసుకోవాలి. అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు రాక కార్డు నింపాలి. అదీ ఉచితమే. దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు నకిలీదని గుర్తుంచుకోండి.

సామాను సర్దేటప్పుడు ఆడవాళ్లకు నాదొక విన్నపం. మసాలా పొడిలో గసగసాలు ఉన్నాయేమో చూడండి. మన వంటింట్లో అతి సాధారణమైన ఆ గింజలు సింగపూర్‌లోనూ, యూఏఈలోనూ నిషేధం. మత్తు పదార్థాల చట్టం కింద కేసు అవుతుంది. దగ్గు మందుల్లో, నొప్పి మాత్రల్లో, నిద్ర మాత్రల్లో కొన్నింటికి యూఏఈలో ముందస్తు అనుమతి కావాలి. పెద్దవాళ్ల మందులన్నీ డాక్టరు చీటీతో సహా, అట్టపెట్టెల్లోనే తీసుకెళ్లండి. ఆవకాయ సీసా చేతిసంచిలో పెట్టకండి, భద్రతా తనిఖీలో తీసేస్తారు. సింగపూర్‌కు చూయింగ్ గమ్ వద్దు, ఈ-సిగరెట్ అసలే వద్దు.

ప్యాకేజీ తీసుకునేవాళ్లు ఏజెంటును ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి: పార్కులో మమ్మల్ని ఎన్ని గంటలకు దింపుతారు, ఎన్ని గంటలకు ఎక్కించుకుంటారు? చాలా గుంపు టూర్లలో బస్సు హోటళ్లన్నీ తిరిగి పార్కుకు చేరేసరికి పదకొండున్నర, మళ్లీ ఐదింటికే బయల్దేరదీస్తారు. తలుపు తెరిచిన మొదటి గంటన్నరలోనే క్యూలు చిన్నగా ఉంటాయి. ఆ సమయం పోతే టికెట్ డబ్బులో సగం పోయినట్టే. ఐదు రోజుల్లో రెండు దేశాలు, మూడు పార్కులు చూపిస్తామనే ప్యాకేజీ మొదటి ప్రయాణానికి వద్దు. ఒక ఊరు, ఒక పార్కు, దాని తర్వాతి రోజు విశ్రాంతి. పిల్లలకు జ్ఞాపకం ఉండేది అలాంటి ప్రయాణమే. టికెట్ల ధర ప్యాకేజీలో కలిసిందా, విడిగా కట్టాలా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ప్యాకేజీ మీద టీసీఎస్ పేరుతో వసూలు చేసే పన్నుకు రసీదు దాచుకోండి, ఆదాయపన్ను రిటర్నులో అది సర్దుబాటు అవుతుంది. ప్రయాణ బీమా తప్పకుండా చేయించండి. విదేశంలో ఒక్క రాత్రి ఆసుపత్రి ఖర్చు మొత్తం యాత్ర ఖర్చును మించిపోగలదు.

మీ పిల్లలు ఇంతవరకు రోలర్ కోస్టర్ ఎక్కనే లేదా? అయితే ముందు హైదరాబాద్ వండర్లాకో, రామోజీ ఫిల్మ్ సిటీకో ఒక రోజు తీసుకెళ్లండి. ఎవరికి భయం, ఎవరికి కళ్లు తిరుగుతాయి, ఎవరు మళ్లీ మళ్లీ ఎక్కుతామంటారు అన్నది అక్కడ తెలుస్తుంది. తక్కువ ఖర్చుతో అంత విలువైన సమాచారం ఇంకెక్కడా దొరకదు. నీళ్ల పార్కుకు మొగ్గే పిల్లలకు రోలర్ కోస్టర్ల పార్కు టికెట్ కొని ఏం లాభం?

పార్కు రోజున పాత చెప్పులే వేయండి, కొత్త బూట్లు వద్దు. పల్చని వానకోటు ఒక్కొక్కరికి ఒకటి పెట్టుకోండి. సింగపూర్‌లో పిడుగుల హెచ్చరిక వస్తే ఆరుబయటి రైడ్‌లు ఆపేస్తారు, అప్పుడు కప్పు కింద ఉన్న వాటికి వెళ్లాలి. పొద్దున హోటల్ నుంచి బయల్దేరేటప్పుడు పిల్లల ఫొటో ఒకటి తీసుకోండి, ఆరోజు వేసుకున్న బట్టలతో. మీ ఫోను నంబరు కాగితం మీద రాసి వాళ్ల జేబులో పెట్టండి. తప్పిపోతే ఎవరిని అడగాలో, పార్కు సిబ్బంది దుస్తులు ఎలా ఉంటాయో గుమ్మంలోనే వేలెత్తి చూపించండి.

చివరగా, ఈ వేసవికే వెళ్లాలనుకునేవాళ్లకు. మన పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది కానీ పిల్లలది ఐదేళ్లే. పెద్దలవి చూసుకుని పిల్లలవి మరిచిపోయేవాళ్లు ఎక్కువ. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు లేకపోతే విమానమే ఎక్కనివ్వరు. ఈ వారంలోనే పిల్లల పాస్‌పోర్టులు తీసి గడువు చూడండి, తక్కువగా ఉంటే వెంటనే రెన్యువల్‌కు పెట్టండి. మిగతా ఏర్పాట్లన్నీ ఆ తర్వాతే. అందరికీ శుభప్రయాణం.